టీపాయ్ పై పలకకు ఏ నమూనా ఎంచుకోవాలి?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఇల్లు, కలప, పనితనం

ప్రశ్న: ఉద్యోగ విరమణ తర్వాత వడ్రంగం నేర్చుకుంటున్నాను. జనగామ దగ్గర మా ఊళ్లో తాతగారి పెంకుటిల్లు తీసివేసినప్పుడు వచ్చిన టేకు దూలాలను, రెండు ద్వారబంధాలను హైదరాబాద్‌కు తెచ్చుకుని వాటితో మా హాల్లోకి ఒక టీపాయ్ చేస్తున్నాను. కాళ్లు, వాటిని కలిపే చట్రం పూర్తయ్యాయి. పై పలక 42 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, దాదాపు అంగుళం మందం ఉండాలని అనుకుంటున్నాను. ఇక్కడే పని ఆగింది. నాలుగు నమూనాలు గీసుకున్నాను. మొదటిది, పలకలను పొడవునా పక్కపక్కన అతికించడం. రెండవది, అలా అతికించిన దానికి రెండు కొసల్లో అడ్డంగా ఒక్కొక్క పట్టీ తొడగడం. మూడవది, నాలుగు వైపులా మూలకోతతో, అంటే పట్టీల కొసలను వాలుగా కోసి మూలల్లో కలిపి, పటం కట్టినట్టు చట్రం బిగించి నడుమ టేకు పలకలు అమర్చడం. నాలుగవది, చిన్న ముక్కలను చేపముల్లు ఆకారంలో వాలుగా పేర్చడం. మా అమ్మాయికి నాలుగవది నచ్చింది, నా భార్యకు మూడవది నచ్చింది. దయచేసి ఏది మంచిదో చెప్పగలరు.
— ఒక పాఠకుడు, సైనిక్‌పురి

జవాబు: నాలుగింటిలో ఏది అందమైనదన్న దాని మీద మీ ఇంట్లోనే రెండు అభిప్రాయాలున్నాయి కనుక అందులో నేను తలదూర్చను. వచ్చే వేసవి, ఆ తర్వాతి వానకాలం గడిచాక ఏది అతుకు వీడకుండా ఉంటుందో మాత్రం చెప్పగలను. ఆ లెక్కన మొదటి రెండూ నిలుస్తాయి. మూడవది మీరు గీసిన పద్ధతిలో చేస్తే నిలవదు. నాలుగవది నిలవాలంటే పలకను నిర్మించే తీరునే మార్చాలి. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మొదటిదే ఎంచుకుంటాను. అది సులువన్నది ఒక కారణం మాత్రమే. ఇంత పాత టేకులోని చారలను అడ్డుకోతలు లేకుండా 42 అంగుళాల పొడవునా చూపగలిగేది అదొక్కటే.

దీనికంతటికీ మూలం కలప కదలిక. గాలిలో తేమ పెరిగితే చెక్క దానిని పీల్చుకుని ఉబ్బుతుంది, తగ్గితే వదులుకుని ముడుచుకుంటుంది. ఈ మార్పు అన్ని వైపులా ఒకేలా ఉండదు. నార వెంబడి, అంటే పలక పొడవునా, అది లెక్కలోకి రానంత స్వల్పం. నారకు అడ్డంగా, అంటే పలక వెడల్పులో, అది కంటికి కనిపించేంత ఉంటుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో గాలిలోని సాపేక్ష తేమ 30 శాతం కన్నా దిగువకు పడిపోవడం మామూలే. జూలై నుంచి సెప్టెంబరు వరకు అది తరచుగా 75, 80 శాతానికి చేరుతుంది. ఇంటి లోపల, పాలిష్ కింద ఉన్న చెక్క ఈ మార్పును నెమ్మదిగా అనుసరిస్తుంది కాబట్టి పలక లోపలి తేమ ఏడాదిలో నాలుగు శాతం మేరకు అటూ ఇటూ అవుతుందని లెక్క వేసుకోవడం సమంజసం.

టేకు తక్కువగా కదిలే కలపల్లో ఒకటి. తలుపులకు, కిటికీలకు మన పెద్దలు దానినే కోరుకోవడానికి చెదలకు లొంగని గుణంతో పాటు ఇదీ కారణమే. అయినా తేమలో ఒక్క శాతం మార్పుకు టేకు పలక వెడల్పు సుమారు 0.19 శాతం మారుతుంది. ఇది పై ముఖం మీద కొండ శిఖరాల వంటి చారలు కనిపించే పలక సంగతి. దుంగను కోసేటప్పుడు చెట్టు పెరుగుదల వలయాలు పలక మందంలో నిలువుగా పడితే పై ముఖం మీద తిన్నటి సమాంతర చారలు వస్తాయి. అటువంటి పలక 0.10 శాతమే కదులుతుంది. మీ 22 అంగుళాలు అంటే 559 మిల్లీమీటర్లు. నాలుగు శాతం తేమ మార్పుకు మొదటి రకం పలకలతో చేసిన పైభాగం నాలుగు మిల్లీమీటర్లకు పైగా, రెండవ రకంతో చేసినది రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువగా వెడల్పు మారుతుంది. మన వడ్రంగుల కొలతలో ఒక సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మూడు మిల్లీమీటర్లకు కొంచెం ఎక్కువ. అంటే మొదటి రకం పలకలైతే మీ టీపాయ్ మే నెలకూ ఆగస్టుకూ మధ్య ఒక సూత్ దాటి పెరుగుతుంది. ఆ పెరుగుదలను ఏ జిగురూ ఏ మేకూ ఆపలేదు. ఆపబోతే చెక్కే పగులుతుంది.

పాత కలప ఇక కదలదన్న నమ్మకం మన డిపోల్లోనూ ఇళ్లలోనూ గట్టిగా ఉంది. డెబ్బై ఏళ్లు పైకప్పు కింద ఉన్న దూలం బాగా ఎండి ఉంటుందన్నంత వరకు అది నిజమే. కొత్త కోత చెక్క మొదటి ఏడాదిలో తిరిగినట్టు, మెలిక పడినట్టు అది పడదు. కానీ గాలిలోని తేమను పీల్చి వదిలే గుణం చెక్కకు వయసుతో పోదు. మీ తాతగారి ఇంటి తలుపులు కూడా వానకాలంలో గడపకు పట్టేసి, వేసవిలో సులువుగా మూసుకుని ఉంటాయి.

ఇప్పుడు మూడవ నమూనా ఎందుకు నిలవదో చూడండి. నాలుగు వైపులా చట్రం బిగించినప్పుడు పొడవాటి పట్టీలు నడిమి పలకలతో పాటే ఒకే దిశలో సాగుతాయి కనుక వాటితో పేచీ లేదు. అడ్డంగా వచ్చే రెండు పొట్టి పట్టీలే సమస్య. వాటి నార మీ పలకల వెడల్పు వెంట నడుస్తుంది, అంటే ఆ దిశలో అవి అసలు కదలవు. నడిమి పలకలు వానకాలంలో ఉబ్బి పొడవాటి పట్టీలను బయటికి నెడతాయి, పొట్టి పట్టీలు వాటిని పట్టి ఉంచుతాయి, ఆ బరువంతా నాలుగు మూలకోతల మీద పడి అవి విచ్చుకుంటాయి. వేసవిలో ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది: పలకలు ముడుచుకోవాలని చూస్తాయి, చట్రానికి జిగురుతో అంటుకుని ఉన్నాయి కనుక ముడుచుకోలేక నడుమ పొడవునా చీలుతాయి. నడిమి భాగం సంగతి వదిలేసినా, మూలకోతకు తనదైన బలహీనత ఒకటుంది. మూడు అంగుళాల వెడల్పు పట్టీ ఎండాకాలంలో అర మిల్లీమీటరు సన్నబడుతుంది, పొడవు మాత్రం మారదు. దానితో కోణం తప్పి కోత లోపలి మూలలో సన్నని సందు తెరుచుకుంటుంది. గోడకు వేలాడే పటంలో అది ఎవరికీ కనిపించదు కానీ సోఫాలో కూర్చున్న మనిషి కళ్ల ముందుండే టీపాయ్ మీద తప్పక కనిపిస్తుంది.

మీ శ్రీమతి గారు కోరిన రూపమే కావాలంటే దారి ఉంది. నడిమి భాగాన్ని టేకు పలకలతో కాకుండా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసి, దాని మీద టేకు వెనీర్, అంటే కాగితంలా పలుచని టేకు పొర, అతికించి, చుట్టూ మీ పాత టేకు పట్టీలు కట్టండి. ప్లైవుడ్‌లో ఒక పొర నారకు మరొక పొర అడ్డంగా ఉంటుంది కనుక అది దాదాపు కదలదు, చట్రాన్ని నెట్టదు. ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ రకం తీసుకుంటే కాఫీ ఒలికినా బెంగ ఉండదు. లోపలి గదులకు ఐ.ఎస్. 303 రకం కూడా సరిపోతుంది. పట్టీల వెడల్పు రెండు అంగుళాలు దాటనివ్వకండి, మూలకోతల సందు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అంగళ్లలో టీక్ ప్లై పేరిట దొరికే నాలుగు మిల్లీమీటర్ల షీట్ మీద టేకు పొర అర మిల్లీమీటరు లోపే ఉంటుందని మరిచిపోవద్దు. ఇసుక కాగితం రెండు రుద్దులు ఎక్కువైతే కింది పొర బయటపడుతుంది. అయితే ఇంత మంచి దూలాలు చేతిలో ఉంచుకుని, చూసే భాగమంతా దుకాణపు వెనీర్‌తో కప్పడం నాకు మనసొప్పని పని.

అమ్మాయి గారి చేపముల్లు నమూనాకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. అంగుళం మందం ముక్కలను వాలుగా పేర్చి ఒకదానికొకటి అతికిస్తే ప్రతి ముక్కా తన వెడల్పులో కదులుతుంది, పక్క ముక్క మరో దిశలో కదులుతుంది, నడుమ జిగురు గీత నలుగుతుంది. మందపాటి ముక్కలను ప్లైవుడ్ మీద అతికిస్తే అవి బలంతో ప్లైవుడ్‌నే వంచుతాయి. మీ దూలాల నుంచి ఒక సూత్ మందం, రెండు అంగుళాల వెడల్పు గల రేకులు కోయించి ప్లైవుడ్ మీద అతికించడమే సరైన పద్ధతి. అంత పలుచని చెక్కకు కింది ప్లైవుడ్‌ను కదిలించే బలం ఉండదు. వెనుక వైపున కూడా అంతే మందం గల ఏదో ఒక చెక్క పొర వేయాలి; వేయకపోతే పైన ఒక్క వైపే ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉన్న పొర పలకను వంచుతుంది. ముక్కలన్నీ సరిగ్గా ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉండేలా కోయండి, ఉదాహరణకు రెండు అంగుళాల వెడల్పుకు ఎనిమిది లేదా పది అంగుళాలు. అలా లేకపోతే పేర్పు కొన్ని వరుసల తర్వాత తప్పుతుంది. ఇది ఓపిక గలవారి పని. నేర్చుకుంటున్న దశలో ఉన్నానని మీరే రాశారు కనుక దీనిని రెండవ టీపాయ్‌కు ఉంచుకోవడం మేలు.

రెండవ నమూనాలోని కొసపట్టీ చూపుకు నిండుదనం తెస్తుంది, పలకలు పైకీ కిందికీ వంగకుండా పట్టి ఉంచుతుంది. దీన్ని బిగించే తీరులోనే అంతా ఉంది. పలకల కొసలో పొడవునా నాలుక తీసి, పట్టీలో దానికి తగిన గాడి తవ్వి తొడగాలి. జిగురు సరిగ్గా మధ్యలో రెండు మూడు అంగుళాల మేర మాత్రమే పూయాలి. మధ్యలో ఒక చెక్క చీలను, రెండు పక్కలా ఒక్కొక్క చీలను కొట్టవచ్చు. పక్క చీలలకు నాలుకలో పడే రంధ్రాన్ని గుండ్రంగా కాక వెడల్పు దిశలో కోలగా సాగదీయాలి, అప్పుడే పలక వాటి చుట్టూ జరుగుతుంది. ఇలా చేసినా ఒక విషయానికి మీరు సిద్ధపడాలి. వేసవిలో ప్రధాన పలక సన్నబడినప్పుడు కొసపట్టీ రెండు పక్కలా ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకువస్తుంది, వానకాలంలో లోపలికి పోతుంది. అంచులు సరిసమానంగా కనిపించేది ఏడాదిలో కొద్ది రోజులే. దానిని లోపంగా చూసేవారి ఇంట్లో ఈ నమూనా పెట్టకూడదు.

మొదటి నమూనాకు వస్తే, ఇందులో పని అంతా పలకల ఎంపికలో ఉంది. 22 అంగుళాల వెడల్పుకు నాలుగున్నర అంగుళాల పలకలు అయిదు పడతాయి. బేసి సంఖ్య తీసుకోవడం వల్ల టీపాయ్ నడిబొడ్డున అతుకు గీత పడదు. వీలైనంత వరకు అయిదూ ఒకే దూలం నుంచి కోయించి, కోసిన వరుసలోనే పక్కపక్కన పరచండి. రంగు, చార ఒకదాని నుంచి మరొకదానికి సాగి అతుకులు కంటికి ఆనవు. పరిచాక జిగురు పూయడానికి ముందే వాటి మీద ఒక పెద్ద త్రికోణం సుద్దముక్కతో గీయండి. ఆ తర్వాత పలకలు ఎంత కలిసిపోయినా త్రికోణం మళ్లీ కుదిరేలా పేర్చితే చాలు. వలయాల వంపు ఒక పలకలో పైకి, మరొక పలకలో కిందికి వచ్చేలా మార్చి మార్చి పెట్టాలన్న నియమం ఒకటి వినిపిస్తూ ఉంటుంది. పలక మొత్తం కింది నుంచి చట్రానికి బిగిసి ఉన్నప్పుడు దాని వల్ల పెద్ద లాభం లేదు. ఏ ముఖం అందంగా ఉంటే దానినే పైకి పెట్టండి.

దూలాలను కోయించే ముందు మేకుల సంగతి చూసుకోవాలి. బోయిగూడ, ముషీరాబాద్ టింబర్ డిపోల పరిసరాల్లోని కోత యంత్రాల వాళ్లు మేకులున్న పాత చెక్కను ముట్టుకోరు, అది న్యాయమే, ఒక్క మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి దూలం పొడవునా జరుపుతూ పోతే తల తెగి లోపల దాక్కున్న మేకు కూడా బయటపడుతుంది. మేకు ఉన్న చోట చెక్క నల్లబడి ఉంటుంది. టేకులోని రసాయనాలు ఇనుముతో కలిసి వేసిన మరక అది, చిత్రిక పట్టినా పూర్తిగా పోదు. ఇటువంటి మరకలను కిందివైపు తిప్పాలన్నది మామూలు సలహా. మీ విషయంలో నేనైతే ఒకటి రెండింటిని పైకే ఉంచుతాను, ఆ రంధ్రాన్ని టేకు బిరడాతో పూడుస్తాను. దూలం అంచుల్లో తెల్లటి చెక్క కనిపిస్తే దానిని మాత్రం నిర్దాక్షిణ్యంగా కోసి పారేయండి. దుంగ నడిమి ముదురు చెక్క అయిన చేవలో ఉన్న గుణాలేవీ అందులో ఉండవు, పురుగు ముందుగా దాన్నే పడుతుంది.

అతికించేటప్పుడు టేకుకు ఒక ప్రత్యేకత ఉంది. దానిలో సహజంగా నూనె ఉంటుంది, చిత్రిక పట్టిన కొద్ది గంటల్లో అది ఉపరితలానికి చేరి జిగురును పట్టనివ్వదు. కనుక అంచులకు చిత్రిక పట్టిన రోజే, ఒకసారి థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనిచ్చి, వెంటనే జిగురు పూయాలి. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు చాలు. అంచులు తిన్నగా ఉంటే ఆ అతుకు చెక్క కంటే గట్టిగా ఉంటుంది. లోపల చీలలు, బిస్కెట్లు అనే పలుచని చెక్క బిళ్లలు పెట్టడం పలకలు ఎగుడుదిగుడు కాకుండా నిలపడానికే, బలానికి కాదు. క్లాంపులు ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, మార్చి మార్చి బిగించండి. అన్నీ ఒకే వైపు నుంచి బిగిస్తే పలక విల్లులా వంగుతుంది.

ఇక పై పలకను చట్రానికి కలపడం. ఇంతదాకా జాగ్రత్తగా చేసి ఇక్కడ జిగురు పూసి చెడగొట్టుకునేవారు ఎక్కువ. పలక వెడల్పు మారుతుంది, దాని కిందనున్న చట్రం మారదు. రెంటినీ కదలకుండా కలిపితే పైన చెప్పిన చీలిక ఇక్కడ మొదలవుతుంది. చట్రం పట్టీల లోపలి ముఖంలో ఒక గాడి తీసి, ఎల్ ఆకారంలో చెక్క బిళ్లలు చేసి, బిళ్ల నాలుకను గాడిలో దూర్చి, బిళ్లను మాత్రం పై పలకకు స్క్రూతో బిగించడం పాత పద్ధతి, ఇప్పటికీ అదే శ్రేష్ఠం. పొడవాటి పట్టీల దగ్గర బిళ్లకూ పట్టీకీ మధ్య ఒక సూత్ ఖాళీ వదలండి. పొట్టి పట్టీల మధ్యలో ఒక్కొక్క స్క్రూను కదలకుండా బిగిస్తే పలక నడుమ నిలిచి రెండు పక్కలకూ సమానంగా జరుగుతుంది. అంగుళం చెక్క చిత్రిక పట్టాక 22 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది కనుక స్క్రూ పలకలోకి 15 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు. పని ఏ కాలంలో చేస్తున్నారన్నది కూడా గుర్తుంచుకోండి. మే నెలలో బిగిస్తే పలక అప్పుడు అతి సన్నగా ఉంటుంది, పెరగడానికి బయటివైపు చోటు కావాలి. ఆగస్టులో బిగిస్తే ముడుచుకోవడానికి లోపలివైపు చోటు కావాలి. హాల్లో నీటి కూలర్ వాడేవారు దాని గాలి నేరుగా టీపాయ్‌కు తగలకుండా చూసుకోవాలి. నడివేసవిలో పలకకు ఒక వైపు మాత్రమే వానకాలం వచ్చినట్టవుతుంది.

కొలతల మీద ఒక మాట. మీ పలక బరువు పది కిలోల దగ్గర ఉంటుంది, ఇద్దరు పక్కకు జరపడానికి ఇబ్బంది లేదు. సోఫా పొడవులో సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య ఉంటే టీపాయ్ దానికి ఒదుగుతుంది. ఆరడుగుల సోఫాకు మీ 42 అంగుళాలు సరిపోతాయి. ఎత్తు సోఫా ఆసనానికి సమానంగా గానీ ఒకటి రెండు అంగుళాలు తక్కువగా గానీ ఉండాలి. పై అంచు పదును తీసి గుండ్రంగా చేయండి, నాలుగు మూలలనూ రూపాయి బిళ్ల మేరకు గుండ్రపరచండి. ఇంటికి పసిపిల్లలు వచ్చేవారైతే ఇంకా ఎక్కువ. కింది అంచును లోపలికి వాలుగా చెక్కితే అంగుళం పలక కూడా పలుచగా, తేలికగా కనిపిస్తుంది.

పలకల మధ్య కావాలని సందులు వదిలే నమూనా, పైన నగిషీ చెక్కిన నమూనా మీ జాబితాలో లేవు, సంతోషం. మన ఇళ్లలో టీపాయ్ మీద ఇరానీ చాయ్ కప్పులతో పాటు ఉస్మానియా బిస్కెట్ల పొడి, కారప్పూస, బజ్జీల నూనె అన్నీ పడతాయి. వాటిని సందుల్లోంచి పుల్లతో తీయడం ఎవరికీ సరదా కాదు.

ప్రశ్న: టీపాయ్ పై పలకలో ఇత్తడి పట్టీ పొదిగించాలని ఉంది. ఏటవాలుగా ఒక మూల నుంచి మరొక మూలకు వేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: నార వెంబడి నడిచే ఇత్తడి పట్టీ ఎంత పొడవైనా ఇబ్బంది పెట్టదు, ఎందుకంటే ఆ దిశలో చెక్కా కదలదు, ఇత్తడీ తేమకు కదలదు. ఏటవాలుగా గానీ అడ్డంగా గానీ వేస్తే చెక్క ముడుచుకున్నప్పుడు పట్టీ కొసలు పైకి లేస్తాయి, చీర కొంగు తగులుకునేంత లేస్తాయి. మూల నుంచి మూలకు గీత తప్పదంటే ప్లైవుడ్ మీద వెనీర్ వేసిన పలకలోనే పొదిగించండి. ఏదైనా సరే, పట్టీ మందం రెండు మిల్లీమీటర్లు చాలు. గాడిని గరుకుగా ఉంచి, పట్టీ కింది ముఖాన్ని ఇసుక కాగితంతో గీసి, ఎపాక్సీతో అతికించాలి. తెల్ల జిగురు లోహాన్ని పట్టుకోదు.

ప్రశ్న: తాండూరు రాయి పలకను నడుమ పెట్టి చుట్టూ టేకు చట్రం కట్టిన టీపాయ్ ఒకటి చూశాను. మాకు కూడా అలా చేయించుకోవాలని ఉంది. రాయి మీద కప్పు పెడితే మరకలు పడవని అన్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: వేడికి, నీటికి భయం లేదన్నంత వరకు నిజం. తాండూరు రాయి సున్నపురాయి జాతికి చెందినది కనుక పులుపు తగిలితే దాని మెరుపు పోతుంది. నిమ్మరసం, చింతపండు నీళ్లు, పచ్చళ్ల నూనె ఒలికిన చోట వెంటనే తుడవకపోతే మచ్చలు మిగులుతాయి. రాతికి పట్టే సీలర్ ఏటా ఒకసారి పూయించండి. 30 అంగుళాల పొడవు, 12 అంగుళాల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం గల పలకే 11 కిలోల వరకు తూగుతుంది, అందువల్ల కింద ప్లైవుడ్ ఆసరా తప్పనిసరి. ఇక్కడ చట్రం పట్టీలు సన్నవి, లోపల రాయి కదలదు కాబట్టి మూలకోత చెల్లుతుంది. రాయికీ చెక్కకూ మధ్య చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదిలి సిలికాన్‌తో నింపండి, సిమెంటుతో కాదు.

ప్రశ్న: టేకు పలకకు ఏ పాలిష్ మంచిది? మా వడ్రంగి మెలమైన్ అంటున్నాడు, మా నాన్నగారు స్పిరిట్ పాలిష్ అంటున్నారు.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: మీ నాన్నగారు చెప్పే స్పిరిట్ పాలిష్ లక్కతో చేసినది, టేకు మీద దాని కాంతికి సాటి లేదు. కానీ వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, చేతులకు రాసుకునే శానిటైజర్ ఒక్క చుక్క పడితే కరుగుతుంది. అలంకారానికి ఉంచే బల్లకు అది సరే, రోజూ వాడే టీపాయ్‌కు తగదు. మెలమైన్ గట్టిది, అయితే గీత పడితే ఆ ఒక్క చోటే సరిచేయడం కుదరదు, పూర్తిగా రుద్ది మళ్లీ వేయాలి. నీటికీ వేడికీ బాగా తట్టుకునేది పాలీయురెథేన్, అంటే పీయూ. ఖర్చు ఎక్కువ, ధూళి లేని చోట కొట్టించాలి. సొంతంగా చేసుకునేవారికి నా ఓటు నూనె, మైనం కలిసిన పూతకు. మెరుపు తక్కువే అయినా మరక పడితే ఆ మేరకే రుద్ది మళ్లీ పూసుకోవచ్చు.

ఏది వేసినా పై ముఖానికి ఎన్ని పూతలు వేస్తే అడుగు ముఖానికీ అన్ని వేయించండి. కనిపించదు కదా అని అడుగున వదిలేస్తే అటువైపు తేమ త్వరగా పట్టి పలక వంగుతుంది. కొత్త టీపాయ్‌లు వంగడానికి నాకు తెలిసినంతలో అతి సామాన్యమైన కారణం ఇదే. అవిసె నూనె వాడినట్లయితే పూసిన గుడ్డలను ముద్ద చేసి మూల పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విప్పి ఆరుబయట తీగ మీద ఆరవేసి, గట్టిపడ్డాక పారేయండి.

ప్రశ్న: పాలిష్ పాడవకుండా టీపాయ్ మీద గాజు పలక వేయించాలని ఇంట్లో అంటున్నారు. ఎంత మందం తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: వేయకుండా ఉంటేనే మంచిదన్నది నా అభిప్రాయం. మంచి చెక్కను చేత్తో తాకలేని వస్తువుగా మార్చడం అది. వేయక తప్పదంటే అయిదారు మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు సరిపోతుంది, కింద ఆసరా ఉంది కాబట్టి అంతకు మించి అక్కర్లేదు. 42 అంగుళాలు, 22 అంగుళాల కొలతకు ఎనిమిది మిల్లీమీటర్ల గాజు దాదాపు 12 కిలోలు ఉంటుంది, అంటే అంగుళం మందం టేకు పలక కంటే బరువు. గాజును చెక్కకు నేరుగా ఆనించకుండా మూలల్లోనూ నడుమనూ పారదర్శకమైన రబ్బరు బిళ్లలు పెట్టండి. ఒలికిన నీరు మధ్యలో చిక్కుకుంటే పాలిష్ తెల్లబడుతుంది. పాలిష్ వేసిన తర్వాత కనీసం మూడు వారాలు ఆగి గాజు వేయాలి. టఫెన్డ్ గాజును ఒకసారి గట్టిపరచాక మళ్లీ కోయడం, అంచు అరగదీయడం సాధ్యం కాదు కనుక పై పలక పూర్తయి, మూలల గుండ్రదనం ఖాయమైన తర్వాతే అట్టముక్కతో అచ్చు తీసి కొలత ఇవ్వండి.